కింది ఇంటి ముంగిస

జంతువులంటే నాకు ప్రేమ లేదు. ఈ మాట అమెరికాలో పైకి అనకూడదని వచ్చిన ఆర్నెల్లకే తెలిసిపోయింది. అన్నవాళ్ళని ఇక్కడ హంతకుల్ని చూసినట్టు చూస్తారు. మా పుట్టింట్లో గేదెలుండేవి, ఎడ్లుండేవి, వాకిట్లో ఎప్పుడూ ఏదో ఒక కుక్క పడి ఉండేది. వాటికి మేత పెట్టాం, పని చేయించుకున్నాం, జబ్బు చేస్తే మందు పోయించాం. అంతేకానీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని "ఇవాళ నీ మూడ్ ఎలా ఉందే బంగారం" అని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే మా నాన్న వాళ్ళని ఆ పూటే ఒంగోలు తీసుకెళ్ళి డాక్టరుకి చూపించేవాడు.

అందుకే ఎనభైల మొదట్లో, న్యూజెర్సీలో పార్సిప్పనీ ఊళ్ళో మేం అద్దెకున్న అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర, మా కింది ఇంటావిడ భుజం మీద ఒక పొడుగాటి జంతువుని మొదటిసారి చూసినప్పుడు నాకు భయం వేయలేదు, ఏవగింపు కలిగింది. మూరెడు ఒళ్ళు, బొచ్చు తోక, దొంగ గంత కట్టుకున్నట్టు కళ్ళ చుట్టూ నల్లటి చార. దాన్ని ఫెరెట్ అంటారని ఆవిడ చెప్పింది. నా కంటికది ముంగిస. ముంగిస అనే అనుకున్నాను, ముంగిస అనే పిలిచాను. ఆవిడ దానికి పెట్టుకున్న పేరొకటి ఉంది, శుభ్రంగా ఒక మనిషికి పెట్టాల్సిన పేరు. అది నేను అప్పుడూ పలకలేదు, ఇప్పుడూ రాయను.

ఇక దాని కంపు. తడి గోనెసంచిని నెల రోజులు మూలన పడేస్తే వచ్చే వాసన అది. అదే బిల్డింగ్‌లో నేను ఇంగువ పోపు వేస్తే పక్కవాళ్ళు వెళ్ళి ఆఫీస్‌లో కంప్లెయింట్ ఇచ్చారు. మేనేజరు తలుపు కొట్టి, కిటికీలు తీసి వంట చేసుకోమని సలహా చెప్పి వెళ్ళాడు. కింది ఇంట్లో ఆ కంపుని పరుపు మీద పడుకోబెట్టుకుంటే మాత్రం ఎవరి ముక్కులూ పనిచేయలేదు. తినే తిండి కంపట, పెంచుకునే ముంగిస ముద్దట.

ఆవిడకి అరవై దాటాయి. ముప్పై ఏళ్ళు స్కూల్ బస్సు నడిపి రిటైరైంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఉన్నదల్లా ఆ ముంగిస, పడవంత కారొకటి. నేను ఎవర్నైనా ఎంత మాటైనా అనగలను కానీ ఆవిడని మాత్రం ఒక్క మాట అనలేను. నాకు కార్ నేర్పింది ఆవిడే.

అంతకు ముందు మా ఆయన నేర్పాడు. మొదటి ఆదివారం అరిచాడు. రెండో ఆదివారం ఇంకా గట్టిగా అరిచాడు. మూడో ఆదివారం పార్కింగ్ లాట్ దాటకుండానే కార్ దిగి, తలుపు ధడాలున వేసి, మెట్లెక్కి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఇంజనీరింగ్‌లో గోల్డ్ మెడల్ వచ్చిన మనిషి. క్లచ్ లేని కార్‌ని కట్టుకున్న పెళ్ళానికి నేర్పడం చేతకాలేదు. నేను స్టీరింగ్ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. దిగితే ఓడిపోయినట్టు, కదిలిస్తే దేన్నో గుద్దేట్టు ఉంది. కిటికీలోంచి అంతా చూసిన కింది ఇంటావిడ చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి, నా పక్క సీట్లో కూర్చుంది.

"ఆయన అరిచినవన్నీ మర్చిపో. ముందు అద్దాలు సరిచేసుకో," అంది.

మర్నాటి నుంచి తన కార్‌లోనే నేర్పింది. ఆరు వారాలు, ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. "బ్రేక్ తొక్కే ముందు వెనక నలభైమంది పిల్లలున్నారనుకో. ఒక్కడి లంచ్ బాక్స్ కూడా కింద పడకూడదు," అనేది. నేను లైసెన్స్ తెచ్చుకున్న రోజు ఆవిడకి పులిహోర చేసి పట్టుకెళ్ళాను. కారం మండి కళ్ళు తుడుచుకుంటూనే గిన్నె ఖాళీ చేసింది.

కాబట్టి ఆ వేసవి మొదట్లో ఆవిడకి తుంటి ఎముకకి ఆపరేషన్ అవసరమై, ఐదు వారాలు ముంగిసని చూసుకోమని అడిగినప్పుడు కాదనడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ బతిమాలలేదు. సోఫాలో కూర్చుని దాని వీపు నిమురుతూ మామూలుగా చెప్పింది.

"ఇంకెవర్నీ నమ్మలేను. నేను తిరిగొచ్చేసరికి ఇది బతికుంటే చాలు. దీనికోసమే నడక మళ్ళీ నేర్చుకోవాలి."

ముంగిస కోసం నడక నేర్చుకోవడమేమిటో నాకు అర్థం కాలేదు. కానీ నన్ను నమ్మింది, సరేనన్నాను.

వెళ్ళేముందు ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించింది. తొమ్మిది రూల్సు. బయటికి తీసుకెళ్ళొద్దట. స్నానం చేయించొద్దట. మాంసం తప్ప మనుషుల తిండి పెట్టొద్దట. పొద్దునా సాయంత్రం కాసేపు దానితో మాట్లాడాలట. వారానికోసారి ఆవిడ కార్ స్టార్ట్ చేసి పార్కింగ్ లాట్‌లో ఒక చుట్టు తిప్పాలట. అన్నిటికన్నా కింద, రెండు గీతలు గీసి, పశువుల డాక్టరు ఫోన్ నంబరు. ఏ చిన్న అనుమానం వచ్చినా ఆయనకి ఫోన్ చేయమని రాసింది. చదివి నవ్వుకున్నాను. నేను పుట్టినప్పుడు మా అమ్మకి డాక్టరు లేడు, మంత్రసాని వచ్చింది. ఈ ముంగిసకి మాత్రం అనుమానం వస్తే డాక్టరు కావాలి.

మొదటి వారంలోనే స్నానం రూలు తీసి గట్టున పెట్టాను. ఆ కంపు మధ్య రోజూ రెండుసార్లు కూర్చోవడం నా వల్ల కాలేదు. శనివారం పొద్దున సింక్‌లో నిలబెట్టి, ఊరి నుంచి తెచ్చుకున్న కుంకుడుకాయ పొడితో తలంటు పోశాను. నా చెయ్యి రెండుచోట్ల కొరికింది. ఆదివారం సాయంత్రానికి కంపు రెట్టింపైంది. మళ్ళీ తలంటాను. మళ్ళీ పెరిగింది. దీని ఒంట్లోనే ఏదో కుళ్ళు ఉందని తీర్మానించుకున్నాను.

రెండో వారంలో బయటికి వెళ్ళొద్దన్న రూలు పోయింది. పెరటివైపు గాజు తలుపు దగ్గర నిలబడి అది గంటల తరబడి గీకేది. నాకేం జాలి కలగలేదు, ఆ చప్పుడు భరించలేకపోయాను. ఆకాశం చూపించకుండా ప్రాణిని పెంచే ఈ అమెరికా వాళ్ళ తెలివిని తిట్టుకుంటూ, నా లంగా బొందు ఒకటి లాగి దాని మెడకీ ఛాతీకీ కలిపి కట్టి, పార్కింగ్ లాట్ వెనక చెట్ల దగ్గర మోకాలెత్తు గడ్డిలోకి తీసుకెళ్ళాను. అది వీపు వంచి పక్కలకి ఎగిరెగిరి గంతులేసింది. గడ్డిలో దూరి, తల ఒక్కటే బయటికి పెట్టి నన్ను చూసేది. నాకేం ముచ్చట వేయలేదు. అయినా మర్నాడు కూడా తీసుకెళ్ళాను, ఆ మర్నాడు కూడా.

ఆవిడ రోజూ సాయంత్రం ఆరింటికి ఫోన్ చేసేది. అందుకే ఆ వేళకి కింది ఇంట్లో ఉండేదాన్ని. ఎలా ఉంది అని అడిగేది, బాగుంది అనేదాన్ని. తరవాత ఫోన్ దాని చెవి దగ్గర పెట్టమనేది. పెట్టేదాన్ని. నర్సు గురించి, ఆస్పత్రిలో పెట్టే ఉప్పూకారం లేని సూప్ గురించి ఆవిడ అవతల నుంచి గలగలా చెబుతూనే ఉండేది. అది ఒక నిమిషం విని ఫోన్ తీగ కొరికేది. ఒళ్ళంతా డిగ్రీలున్న మా ఆయన నా మాట వినేది కూడా అంతసేపే కాబట్టి ముంగిసని తప్పు పట్టలేదు.

మూడో వారంలో దాని చెవి వెనక ఒక బూడిదరంగు గింజ కనిపించింది. చిన్న ఆముదపు గింజలా ఉంది. వేలితో కదిపితే కాళ్ళు ఆడించింది. గేదెలున్న ఇంట్లో పుట్టినదాన్ని, చూడగానే తెలిసిపోయింది, అది పిడుదు. చర్మంలోకి మూతి దిగేసి రక్తం తాగి ఉబ్బుతుంది. ముంగిసని వెల్లకిలా తిప్పి బొచ్చు పాయలు తీసి వెతికితే మెడ కింద, చంకల్లో, కాలివేళ్ళ మధ్య ఇంకా ఉన్నాయి. అన్నీ గడ్డిలోంచి ఎక్కినవే. గడ్డిలోకి తీసుకెళ్ళింది నేనే. అయినా కంగారు పడలేదు. గేదెల ఒంటి మీద గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా పిడుదుల్ని చూసినదాన్ని, నాకిదేం పెద్ద పని అనుకున్నాను.

డాక్టరుకి ఫోన్ చేస్తే ముందు అడిగేది బయటికి ఎందుకు తీసుకెళ్ళారనే. అందుకే చేయలేదు. మా ఆయన్ని కిందికి పిలిచాను.

"ఏందే ఈ గోల. అగ్గిపుల్ల ముట్టించి ఒక్క చురక పెడితే అదే ఊడి పడుద్ది," అన్నాడు.

"బొచ్చు అంటుకుంటే?"

"నాకు తెలుసులే, నువ్వు పట్టుకో."

నేను పట్టుకున్నాను. ఆయన అగ్గిపుల్ల గీశాడు. ముంగిస మెడ తిప్పి ఆయన బొటనవేలు కొరికింది. పుల్ల ఆరిపోయింది. గోల్డ్ మెడల్ గారు వేలు నోట్లో పెట్టుకుని, టెటనస్ సూది వేయించుకోవాలేమో అని గొణుక్కుంటూ పైకి వెళ్ళిపోయాడు. ఈయన్ని నమ్ముకుని సముద్రాలు దాటి వచ్చాను.

తరవాత మాకు తెలిసిన తెలుగు డాక్టరొకాయనకి ఫోన్ చేశాను. గుండె జబ్బులు చూస్తాడు. మనవాళ్ళ పార్టీల్లో ఆయన నోరు తెరిస్తే మిగతా మగవాళ్ళు ప్లేట్లు పట్టుకుని చుట్టూ నిలబడతారు.

"అమ్మా, నేను చూసేది గుండెలండి, ముంగిసల్ని కాదు," అని కాసేపు నవ్వాడు. "అయినా సింపులే. నెయిల్ పాలిష్ పూసేయండి. ఊపిరాడక దానంతటదే వదిలేస్తుంది. ఐయాం హండ్రెడ్ పర్సెంట్ ష్యూర్."

ఆయన హండ్రెడ్ పర్సెంట్ ష్యూర్ కాని విషయం నేనింతవరకు వినలేదు. పూశాను. ఎర్రటి నెయిల్ పాలిష్, రెండు పిడుదులకి. మర్నాడు చూస్తే అవి పెళ్ళికి ముస్తాబైనట్టు ఎర్రగా మెరుస్తూ, ఇంకాస్త ఉబ్బి, అక్కడే ఉన్నాయి. చదువుకున్నవాళ్ళ వైద్యం ఎంత బాగుంటుందో చూశాను కదా, ఇక మా అమ్మ వైద్యమే దిక్కు అనుకున్నాను.

మాది పొగాకు ఊరు. మా నాన్నకి పొగాకు కాల్చే బ్యారన్లు రెండుండేవి. గేదెలకి పిడుదులు పడితే మా అమ్మ పొగాకు కాడలు కుండలో నానబెట్టి, మరగబెట్టి, చల్లార్చి ఇచ్చేది. పాలేరు ఆ నీళ్ళలో గడ్డిచుట్ట ముంచి గేదెలకి నిలువునా రుద్దేవాడు. సాయంత్రానికి పిడుదులు రాలిపోయేవి. నా చిన్నతనమంతా చూసిన వైద్యం అది.

మా ఆయన సిగరెట్లు మానేసి రెండేళ్ళయిందని అందరికీ చెప్పేవాడు. అవి క్లాజెట్‌లో మంచు బూట్ల లోపల ఉంటాయని నాకు తెలుసు. ఒక పెట్టె తీసి, సిగరెట్ చించి, ఆ పొగాకు వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాను. మా నాన్న అలాగే చూసి ఆకు రకం చెప్పేవాడు. ఘాటు లేదు, జిడ్డు లేదు, ఏదో సెంటు కలిపిన వాసన. మా బ్యారన్ దగ్గర ఊడ్చి పారేసే దుమ్ములో ఇంతకన్నా పస ఉండేది. ఈ దేశంలో కూరగాయలకి రుచి లేదు, పూలకి వాసన లేదు, పొగాకుకి మాత్రం ఏముంటుంది అనుకున్నాను. అందుకని ఒక పెట్టెతో ఆగలేదు. రెండో బూటులోని పెట్టె కూడా చించి చిన్న గిన్నెడు నీళ్ళలో మరగబెట్టాను. నీళ్ళు కాఫీ డికాషన్‌లా చిక్కగా దిగాయి. చల్లారాక కిందికి పట్టుకెళ్ళి, గుడ్డ ముంచి ముంగిసకి మెడ నుంచి తోక దాకా పట్టించాను.

అది ఒళ్ళు దులుపుకుంది. తరవాత కార్పెట్ మీద కూర్చుని తీరిగ్గా తన ఒళ్ళు తాను నాక్కోవడం మొదలుపెట్టింది.

నేను గిన్నె కడుక్కుని వచ్చేసరికి నోట్లోంచి చొంగ తీగలు తీగలుగా కారుతోంది. ముందుకాళ్ళతో మూతి గీక్కుంటోంది. ఒకసారి వాంతి చేసుకుంది. లేవబోతే వెనక కాళ్ళు పక్కకి పడిపోయాయి. ఒళ్ళంతా సన్నగా వణుకుతోంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. మా అమ్మ కుండ అందిస్తూ పాలేరుతో ప్రతిసారీ అనే మాట, నేను చెవిన వేసుకోకుండా వదిలేసిన మాట. "దూడల జోలికి పోబాక. నాక్కుంటే చస్తాయి." గేదె వరకే గుర్తుపెట్టుకున్నాను, దూడని మర్చిపోయాను. దూడంత కూడా లేని దాన్ని, అరచేతిలో పట్టే తలకాయ ఉన్న దాన్ని, గేదె కింద జమకట్టాను. పైగా డబుల్ డోసు. ముందురోజు నుంచీ ఎవరెవర్ని వెధవలనుకున్నానో వాళ్ళందరికంటే పెద్ద వెధవని నేనే అని ఆ కార్పెట్ మీద కూర్చుని తెలుసుకున్నాను.

ఫ్రిజ్ దగ్గరికి పరిగెత్తి, రెండు గీతలున్న నంబరుకి ఫోన్ చేశాను. అవతల అమ్మాయి తొందరపడకుండా చెప్పింది. మామూలు సబ్బుతో, గోరువెచ్చటి నీళ్ళతో ఆ పొగాకంతా కడిగేయండి, తువ్వాల్లో చుట్టండి, వెంటనే తీసుకురండి. ఎలా రావాలో కూడా చెప్పింది. రూట్ నలభై ఆరు ఎక్కి, నాలుగో లైట్ దగ్గర కుడివైపు.

మా కార్ మా ఆయనతో ఆఫీస్‌లో ఉంది. నా లైసెన్స్ వయసు రెండు నెలలు. అప్పటిదాకా కిరాణా షాపు దాటి నడపలేదు. రూట్ నలభై ఆరు మీద మా ఆయన నడుపుతుంటేనే పక్కన కూర్చుని కళ్ళు మూసుకునేదాన్ని. కింది ఇంటావిడ కార్ తాళం చెవి ఫ్రిజ్ పక్కన మేకుకి వేలాడుతోంది. తీసుకున్నాను. తువ్వాల్లో చుట్టిన ముంగిసని పక్క సీట్లో బట్టల బుట్టలో పెట్టి, బుట్టకి సీటు బెల్టు వేశాను.

ఆ రోడ్డు మీద ట్రక్కులు ఎంత పెద్దవో అప్పుడు తెలిసింది. వెనకనుంచి ఒకడు హారన్ కొట్టాడు. నడవటానికి కూడా పనికిరాని మొహం వాడిది, అద్దంలో చూశాను. బుట్టలోంచి ముక్కులో నీళ్ళు పోయినట్టు చిన్న చప్పుడు వస్తోంది. అది ఆగిపోతుందేమోనని చెవి అక్కడే పెట్టాను. వెనక నలభైమంది పిల్లలున్నారు, ఒక్కడి లంచ్ బాక్స్ కూడా పడకూడదు అని పైకే తెలుగులో అనుకుంటూ నడిపాను. ఇది చచ్చిపోతే ఆవిడకి నేనేం చెప్పను అన్నది ఒక్కటే ప్రశ్న. ఆవిడ ఆస్పత్రిలో చేతికర్ర పట్టుకుని ఈ ముంగిస కోసం అడుగులు నేర్చుకుంటోంది. నేను ఇక్కడ దాన్ని చంపుతున్నాను.

పశువుల డాక్టరు తలుపు దగ్గరే బుట్ట అందుకున్నాడు. దాన్ని లోపలికి పంపి, కాగితం పట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

"ఏం పూశారు?"

"పొగాకు నీళ్ళు."

ఆయన పెన్ను ఆగింది. "పొగాకా?"

"మా ఊళ్ళో గేదెలకి పూస్తారు."

"గేదె ఎంత బరువుంటుంది?"

కార్ తాళం చెవిని వేళ్ళ మధ్య తిప్పాను.

"ఇది రెండు పౌన్లుంది," అన్నాడు. నవ్వలేదు, కోప్పడలేదు. కోప్పడి ఉంటే నేనూ ఏదో ఒకటి అని తేలికపడేదాన్ని. "ఇవాళ ఇక్కడే ఉంచాలి. పొద్దున్నదాకా గట్టెక్కితే బతికినట్టే. ఆవిడకి చెప్పాలి కదా."

"నేను చెప్తాను. మీరు చెప్పకండి," అన్నాను.

ఆయన నన్ను ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం కూడా ఆరింటికి ఫోన్ మోగింది. రాత్రిళ్ళు నేను ముంగిసని పెట్టే బోను ఖాళీగా ఉంది, దాని ముందు నేల మీద కూర్చుని తీశాను. ఎలా ఉంది అని అడిగింది. చెప్పాలనే నోరు తెరిచాను.

"బాగుంది. అన్నం తిని పడుకుంది," అన్నాను. రూల్సులో అన్నం లేదని కూడా గుర్తు రాలేదు.

తరవాత, ఫోన్ దాని చెవి దగ్గర పెట్టు అంది. పెట్టడానికి ముంగిస లేదు. ఏం చేయాలో తోచక ఫోన్ నా చెవికే ఆనించుకుని, ఊపిరి బిగపట్టి కూర్చున్నాను. ఆ రోజు ఆవిడ సూప్ గురించి చెప్పలేదు, నర్సు గురించి చెప్పలేదు.

"భయపడకు," అంది. "ఇవాళ నిద్రపో. నువ్వు కావాలని చేయలేదని నాకు తెలుసు. పొద్దున్నకి అంతా సర్దుకుంటుంది."

అంతే, ఫోన్ పెట్టేసింది. ఇది ఏ సోఫా కొరికినప్పుడో చెప్పాల్సిన మాటలు ఇప్పుడు గుర్తొచ్చినట్టున్నాయి, ముసలావిడకి మతి తప్పుతోంది అనుకున్నాను. అబద్ధం చెప్పి కూడా ఇంకా అవతలి మనిషినే తక్కువ చేసి చూడగలిగిన బుద్ధి నాది.

పొద్దున వెళ్ళేసరికి ముంగిస బతికి ఉంది. నీరసంగా ఉంది కానీ నన్ను చూసి మూతి ఎత్తింది. నాకు ఏడుపొచ్చింది. ముంగిస కోసం ఏడ్చానని మా వాళ్ళకెవరికీ ఇప్పటిదాకా చెప్పలేదు. డాక్టరు దాన్ని బల్ల మీద పెట్టి, సన్నటి మొన ఉన్న పట్టకారుతో పిడుదుని చర్మానికి ఆనుకుని పట్టి, మెలి తిప్పకుండా, తిన్నగా, నెమ్మదిగా పైకి లాగాడు. వచ్చేసింది. స్పిరిట్ ఉన్న చిన్న సీసాలో పడేశాడు. ఎర్రరంగు వేసుకున్నది వచ్చినప్పుడు వెలుతురుకి ఎత్తి చూసి, "ఇదేమిటి?" అన్నాడు. నెయిల్ పాలిష్ అన్నాను. ఆ సలహా ఇచ్చింది హార్ట్ స్పెషలిస్టని కూడా చెప్పాను, నాతో పాటు ఇంకొకడు మునగాలి కదా. ఆఖరి పిడుదుని నాకు వదిలేశాడు. పట్టకారు నా చేతికిచ్చాడు. ఒక్క నిమిషం పట్టలేదు. కనుబొమలు పీక్కునే పట్టకారు మా ఇంట్లో అద్దం కింద డ్రాయర్‌లో ఎప్పుడూ ఉండేది.

"స్నానాలు కూడా మానండి," అన్నాడు, నేను చెప్పకుండానే. "కడిగినకొద్దీ ఒంట్లో జిడ్డు ఎక్కువ ఊరుతుంది, కంపు పెరుగుతుంది."

రెండు వారాల తరవాత కింది ఇంటావిడ చేతికర్ర సాయంతో తిరిగొచ్చింది. ముంగిస ఆవిడ మెడ చుట్టూ ఎక్కి చెవి నాకింది. నేను చెప్పాలనుకున్న మాటలన్నీ వరసగా పేర్చుకుని పెట్టుకున్నాను. "చెప్పి ఏం సాధిస్తావే, బతికిందిగా," అన్నాడు మా ఆయన. ఆయన మాట నేను విన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సిగ్గుచేటుగా అది అందులో ఒకటి. చెప్పలేదు. ఆవిడ కూడా ఏమీ అడగలేదు. అన్నీ బాగా చూసుకున్నావు అని నా చెయ్యి నొక్కింది. ఆ చేతిని నేను ఆ రోజు రెండుసార్లు కడుక్కున్నాను.

మరుసటి ఏడాది రెండో వైపు తుంటికి ఆపరేషన్ అన్నారు. ఆవిడ మెట్ల కింద నిలబడి నన్ను పిలిచి, మళ్ళీ ముంగిసని చూసుకోమంది.

"వేరే ఎవర్నైనా చూడండి. నా వల్ల కాదేమో," అన్నాను. కళ్ళలోకి చూడలేకపోయాను.

"ఎవరున్నారు నాకు? నువ్వే చూసుకోవాలి," అంది. లోపలికి రమ్మంది.

ఫ్రిజ్ మీద కొత్త కాగితం అంటించి ఉంది. నిలబడి చదివాను. బయటికి తీసుకెళ్ళొద్దు. స్నానం చేయించొద్దు. పొద్దునా సాయంత్రం మాట్లాడాలి. కార్ వారానికోసారి తిప్పాలి. కింద రెండు గీతలతో అదే ఫోన్ నంబరు. పాత కాగితమే తిరగరాసినట్టుంది. కానీ తొమ్మిది ఉండాల్సిన చోట పది ఉన్నాయి. నంబరు కింద, అదే పొందికైన స్కూల్ బస్సు డ్రైవరు రాతలో, పదో రూలు ఉంది.

పొగాకు వద్దు.

నా చెవులు కాలిపోయాయి. డాక్టరు ఆ రోజే ఆవిడకి చెప్పేశాడన్నమాట. అంటే ఆ సాయంత్రం ఆరింటికి ఆవిడ ఫోన్ చేసేసరికే ముంగిస ఇంట్లో లేదని ఆవిడకి తెలుసు. బాగుంది, అన్నం తిని పడుకుంది అని నేను అంటుంటే తెలిసే విన్నది. ఫోన్ దాని చెవి దగ్గర పెట్టమన్నది, పెట్టడానికి చెవి లేదని తెలిసే. నేను ఏడాది పాటు దాచాననుకున్నదాన్ని ఆవిడ నాకోసం దాచింది. నేను ఈ దేశంలో ఎంతమందిని చులకన చేశానో నాకే లెక్క తెలియదు. ఆ కాగితం ముందు నిలబడినంత చిన్నదాన్ని మాత్రం ఎప్పుడూ కాలేదు.

వెనక నుంచి చేతికర్ర చప్పుడు వచ్చింది.

"చదివావా?" అంది.

"చదివాను. పదోది కూడా చదివాను."

"మంచిది," అంది. భుజం మీద పడుకున్న ముంగిసని తీసి నా వైపు చాచింది. "అయితే పట్టుకో."

రెండు చేతులతో పట్టుకున్నాను.